వేయిపడగలు: హృదయసంవాదము
నూజివీడు సీమనుండి ఒక పఠనము

విమర్శకుడు గ్రంథముయొక్క గుణదోషములను విచారింపవలెనేగాని, ఇది నాకు ప్రియమైనదని చెప్పరాదని మన విశ్వవిద్యాలయములలో ఒక అలిఖితనియమము కలదు. పరీక్షాపత్రములందు శ్రేష్ఠమైన నవల యేది అని యడుగుదుము; నీకు ప్రియమైన నవల యేది అని యడుగము. మొదటి ప్రశ్నకు సమాధానము గ్రంథాలయమున దొరకును. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పువాడు తా నెక్కడ కూర్చుండి చదువుచున్నాడో కూడ చెప్పుకొనవలసియుండును. కావుననే ఆ ప్రశ్న కష్టమైనది. కావుననే దానిని తప్పించుకొని తిరుగుచున్నాము. ఈ వ్యాసమున మేము దాని నెదుర్కొన యత్నింతుము.

ప్రియమగుట యనగా కేవలము రుచిభేదము కాదు. ఆలంకారికులు దీనికి హృదయసంవాదమని చక్కని పేరు పెట్టిరి. కావ్యానుశీలనముచేత అద్దమువలె నిర్మలమైన మనస్సు గలవాడు వర్ణ్యవిషయముతో తన్మయుడు కాగలడనియు, అట్టివాడే సహృదయుడనియు అభినవగుప్తుడు లోచనమున నిరూపించెను. ఈ నిర్వచనమును మేము శిరసావహింతుము. అయినను, నవలను గూర్చి మాటలాడునపుడు దీనికి ఒక అనుబంధము అవసరమని తోచుచున్నది. అద్దము నిర్మలముగా నున్న చాలదు; అది ఏ గోడకు వ్రేలాడుచున్నదో కూడ చూడవలెను. నవల ఊళ్లను గూర్చియు, భూములను గూర్చియు, కూలిని గూర్చియు మాటలాడు ప్రక్రియ. దానిని చదువువానికిని ఒక ఊరుండును.

మా అద్దము వ్రేలాడిన గోడ నూజివీడు.

కృష్ణా డెల్టా కాలువల పచ్చదనము వెనుకబడి, ఎఱ్ఱనేలల మెట్ట ఆరంభమగుచోట ఈ పట్టణమున్నది. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022వ సంవత్సరము ఏప్రిలు నుండి ఏలూరుజిల్లాలో చేరినది. తెలుగుదేశమున నూజివీడు పేరు చెప్పగానే చిన్నరసము జ్ఞప్తికి వచ్చును. ఈ పండును కత్తితో కోయరు. రెండు చేతుల నడుమ మెత్తగా పిసికి, తొడిమవద్ద చిన్న రంధ్రము చేసి జుఱ్ఱుకొందురు. పూత వచ్చినది మొదలు కాపు దిగువఱకు ఇచ్చటి మాటలన్నియు తోటలను గూర్చియే. పూతమీదనే తోటను వర్తకునకు గుత్తకిచ్చు అలవాటు కలదు. పొగమంచు పడినను, వడగండ్లు కురిసినను ఆ యేటి కుటుంబముల గతి మాఱిపోవును.

ఈ సీమకు మఱియొక చరిత్ర కలదు. ఇది మేకావంశీయులైన అప్పారావుల జమీందారీ. ఆ సంస్థానము కాలక్రమమున వారసులనడుమ విడిపోయి పలు జమీనులైనది. మీర్జాపురము, తేలప్రోలు, వుయ్యూరు మొదలైన పేళ్లు ఆ శాఖలను నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నవి. నూజివీటికి సమీపముననే ఆగిరిపల్లి కొండపై శోభనాచలస్వామి వెలసియున్నాడు. ఆ స్వామి పేరు జమీందారుల పేళ్లలోనికి వచ్చినది. మీర్జాపురము రాజావారి చలనచిత్ర సంస్థకును ఆ పేరే పెట్టబడినది. కోట, గుడి, తోట, కళాశాల అను నాలుగింటియందును ఒక్క వంశనామమే వినిపించు ప్రదేశమిది. 1966లో స్థాపితమైన కళాశాలయు ధర్మఅప్పారావుగారి పేరనే యున్నది. ఇట్టిచోట తెలుగు నవల బోధించుట మాకు కొంతకాలము తటస్థించినది. ఆ యనుభవమే ఈ వ్యాసమునకు మూలము.

ఏ నవల?

ఆధునికాంధ్రసాహిత్యమున కాలపరీక్షకు నిలిచిన నవలలు కొన్ని కలవు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రమును చారిత్రక గౌరవముతో చదువుదుము, దానిచేత కలతపడము. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి (1922) నేటికిని నిప్పువంటిది. చలముగారి మైదానము (1927) చిన్నగ్రంథమైనను పెద్ద గాయము చేయును. బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది, గోపీచందుగారి అసమర్థుని జీవయాత్ర మనుష్యుని లోపలికి దిగి వెదకిన రచనలు. గోపీచందు ఈ కృష్ణాజిల్లా అంగలూరున పుట్టినవాడే. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి అల్పజీవి భయమునకు తెలుగు నిచ్చినది. మహీధర రామమోహనరావుగారి కొల్లాయి గట్టితేనేమి? (1965) ఉద్యమకాలమును ఇంటిలోనికి తెచ్చి చూపినది.

వీనిలో ఏ ఒక్కదానిని కోరుకొన్నను మమ్మెవ్వరును తప్పుపట్టరు. అయినను మేము విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను కోరుకొనుచున్నాము. ఇది సులభముగా చేసిన యెన్నిక కాదు. పై గ్రంథములలో కొన్నింటితో మాకు అభిప్రాయైక్యము మెండు, దీనితో తక్కువ. అభిప్రాయము కలియనిచోట హృదయము కలియుట యెట్లు అనునదియే ఇచ్చట విచారింపదగిన విషయము.

గ్రంథవిషయము సంగ్రహముగా చెప్పవలెను. విశ్వనాథ 1895లో కృష్ణాజిల్లా నందమూరున జన్మించెను. వేయిపడగలు 1934లో రచింపబడినది. ఇరువదితొమ్మిది దినములలో ఆయన ఆశువుగా చెప్పుచుండగా తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారి నవలాపోటీయందు బహుమతి దీనికిని, అడివి బాపిరాజుగారి నారాయణరావునకును సమముగా పంచబడెను. 1968లో పి.వి. నరసింహారావుగారు దీనిని సహస్రఫణ్ అను పేరుతో హిందీలోనికి తెచ్చిరి. బహుమతి పంచుకొన్న రెండు నవలలయందును జమీందారు ఉండుట గమనింపదగినది. నారాయణరావులో జమీందారు తన కుమార్తెను సంపన్నగృహస్థుని కుమారునకిచ్చును. ఆ వివాహముద్వారా పాతదియు క్రొత్తదియు సంధి చేసికొనును. వేయిపడగలలో సంధి లేదు. అచ్చట పాతది చనిపోవుచుండును. రచయిత ఆ శయ్యప్రక్కనే కూర్చుండి తుదివఱకును లేవడు.

పూర్వపక్షము

ఈ యెన్నికపై ఆక్షేపణలు రెండు.

మొదటిది శిల్పమును గూర్చినది. సుమారు వేయిపుటల గ్రంథము. కథ యడుగడుగునకు ఆగిపోవును. విద్యను గూర్చి, వైద్యమును గూర్చి, సంగీతసాహిత్యములను గూర్చి, రాజకీయములను గూర్చి చర్చలు సాగును. ఆ చర్చలలో ప్రతిపక్షమునకు బలమైన కంఠము దొరకదు. ధర్మారావు గెలుచుటకే ఎదుటివాడు మాటలాడుచున్నట్లుండును. ఈ ఆక్షేపణను మేము చాలవఱకంగీకరింతుము. పురాణము చెప్పువాడు కథ నాపి ధర్మము చెప్పుట మనకు క్రొత్త కాదనియు, స్థలపురాణముతో ఆరంభమగు ఈ గ్రంథమును ఆ సంప్రదాయమునుండియే చూడవలెననియు సమాధానము చెప్పవచ్చును. నవల మనకు పరదేశమునుండి వచ్చిన కొమ్మ. దానిని విశ్వనాథ పురాణమను నాటుమొక్కకు అంటుకట్టెను. అంటుకట్టిన చోట బుడిపె యుండును. ఆ బుడిపె కానవచ్చుచున్నదనుట నిజము. చెట్టు కాచినదనుటయు నిజము. శిల్పవిచారము నింతటితో విడిచెదము.

రెండవ ఆక్షేపణ యిట్లు తీసివేయదగినది కాదు. అది మాకు పుస్తకమునుండి రాలేదు, తరగతిగదిలో లభించినది.

ఒక సంవత్సరము మేము ఈ నవలను పాఠముగా చెప్పుచు, సుబ్బన్నపేట వైభవమును వర్ణించుచుంటిమి. కోట, వేణుగోపాలస్వామి ఆలయము, సుబ్రహ్మణ్యేశ్వరుడు, దివాను, ఆచార్యులు, దేవదాసి, గణాచారి. ఒకరికొకరు ఆధారముగా నొక ఊరు నిలిచియుండుట. ఆ యాధారములు క్రమముగా సడలిపోవుట. ఇవన్నియు ఆవేశముతోడనే చెప్పితిమి. పాఠము ముగిసిన పిమ్మట వెనుకవరుసనుండి ఒక విద్యార్థి లేచి నెమ్మదిగా నడిగెను: "అయ్యా, ఆ ఊళ్లో మా తాతలు ఎక్కడున్నారండీ?" అతని తాత ఈ మెట్టతోటలలోనే కావడితో నీరు మోసి మామిడిమొక్కలను బ్రతికించినవాడు. ఆ తోట పేరు ఊరందఱకు తెలియును. దానిని నాటించిన దొరల పేరు తెలియును. నీరు పోసిన చేతి పేరు ఆ మనుమనికి తప్ప మఱియొకరికి తెలియదు.

మే మాదినమున సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. చరిత్రను, సాహిత్యమును వేఱుగా చూడవలెనని యేదియో చెప్పి ముగించితిమి. అది సమాధానము కాదని మాకును తెలియును, అతనికిని తెలిసినది.

ఆ ప్రశ్నను శాస్త్రభాషలోనికి మార్చిన ఇట్లుండును: ఒక వ్యవస్థ నశించుటను దుఃఖముగా చిత్రించిన గ్రంథము, ఆ వ్యవస్థ బరువును మోసినవాని సంతతికి హృదయసంవాదము కలిగింపగలదా? కలిగింపలేనిచో అది కొందఱకు మాత్రమే ఉత్తమగ్రంథము. మన మభిమానించునది గ్రంథమును కాదు, మన వంశములను.

సంవాదము మూడు విధములు

ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున ఆనందవర్ధనుడు కవుల రచనలలో నొకదానికొకటికి గల పోలికను సంవాదమని పేర్కొని, దానిని మూడు విధములుగా విభజించెను. ప్రతిబింబమువంటిది యొకటి, చిత్తరువువంటిది యొకటి, తుల్యమైన దేహము గల మఱియొక ప్రాణివంటిది యొకటి. మొదటి రెంటిని విడిచి మూడవదానిని గ్రహింపవచ్చునని ఆయన మతము. ప్రతిబింబమునకు తన ఆత్మ లేదు. చిత్తరువు ఆత్మ తుచ్ఛము. తుల్యదేహికి తన ప్రాణము తనకున్నది.

ఈ విభాగము కావ్యమునకును కావ్యమునకును నడుమనుండు పోలికకు చెప్పబడినది. దీనిని కావ్యమునకును పఠితయొక్క ఊరికిని నడుమనుండు పోలికకు అన్వయించుట మా సాహసము. సుబ్బన్నపేట ఏ ఊరు అని వెదకువారు కలరు. కృష్ణామండలమందలి జమీనులలో దేనినో చూపి, ఇదియే అది అనుట సులభము. అట్లు వెదకుట ప్రతిబింబాన్వేషణము. దానివలన నవల చిన్నదగును. ఒక కాలపు ఆంధ్రగ్రామమునకు ఇది నమూనాచిత్రమని చెప్పువారును కలరు. అది చిత్తరువును వెదకుట. దానివలన నవల పాఠ్యాంశమగును. నూజివీడు సుబ్బన్నపేట కాదు. సుబ్బన్నపేట నూజివీటి బొమ్మయు కాదు. రెండును తుల్యదేహులు. ఇచ్చటను కోట, గుడి, తోట ఉన్నవి; అచ్చటను ఉన్నవి. కాని ప్రాణములు వేఱు. రెండు ప్రాణులు ఎదురెదురుగా నిలిచినపుడు మాత్రమే సంవాదము, అనగా మాటకు మాట, సాధ్యము. అద్దములోని బొమ్మ మనకు ఎదురుచెప్పదు.

మా విద్యార్థి ప్రశ్న సుబ్బన్నపేటతో అతని ఊరు మాటలాడిన మాట. దానిని హృదయసంవాదమునకు విఘ్నముగా నెంచుట మా తప్పు, అదియే సంవాదము.

పడగనీడ

ఇప్పుడు గ్రంథములోనికి పోవుదము. ఈ నవలకంతకును ప్రాణమైనది వేయిపడగల సర్పము. సుబ్బన్నపేటను కాచు సుబ్రహ్మణ్యేశ్వరునకు వేయి పడగలు. ఒక్కొక్క పడగ ఒక్కొక్క ధర్మము, ఒక్కొక్క వృత్తి, ఒక్కొక్క విద్య. కాలము మాఱినకొలది పడగలు తగ్గిపోవును. తుదకు రెండే మిగులును. అవి దాంపత్యధర్మమునకు చిహ్నములని పఠితలు గ్రహించుచున్నారు. రాజ్యము, ఆలయము, పాండిత్యము, కళలు అన్నియు పోయిన పిమ్మట ఇద్దఱు మనుష్యుల నడుమనుండు విశ్వాసము మాత్రమే నిలిచెనని ఈ కల్పన చెప్పుచున్నది. వేయినుండి రెండునకు వచ్చిన ఈ లెక్క ఆధునికాంధ్రసాహిత్యమందలి మిక్కిలి విషాదకరమైన లెక్కలలో నొకటి.

రచయిత ఉద్దేశమున పడగ రక్షణ. పడగ పట్టుట యనగా ఎండ తగులకుండ గొడుగు పట్టుట. నిద్రించు బాలునిపై పాము పడగ పట్టినచో అతడు రాజగునని మన కథలు చెప్పును. ఇది నిజమే. కాని తెలుగువాని నోట పడగనీడ అను మాటకు మఱియొక అర్థమును కలదు. పాముపడగ నీడను బ్రతుకుచున్నాడనిన, ఎపుడు కాటుపడునో తెలియని స్థితిలో నున్నాడని యర్థము. నీడ నిచ్చు పడగయే కాటు వేయును. రెండర్థములును ఒక్క మాటలోనే యున్నవి. విశ్వనాథ మొదటి యర్థము నుద్దేశించి పేరు పెట్టెను. భాష రెండవ యర్థమును ఊరకనే వెంటబెట్టుకొని వచ్చినది.

ఈ దృష్టితో చదివినచో గ్రంథమున మునుపు మేము గమనింపని విషయములు కానవచ్చినవి. సుబ్బన్నపేటయందు మహత్త్వము గల స్త్రీపురుషులలో పలువురు కోటలోనివారు కారు. సుబ్రహ్మణ్యేశ్వరుడు ఆవేశించి పలికించు గణాచారి పండితకుటుంబమునందు పుట్టినది కాదు. ప్రకృతియే మనుష్యరూపము దాల్చెనా యనిపించు పసిరిక చదువుకొన్నవాడు కాడు. భక్తిలో నెల్లరను మించిన గిరిక దేవదాసి కడుపున పుట్టినది. ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి నాలుగు వర్ణముల స్త్రీలను పరిగ్రహించినవాడు. కనుక ధర్మారావునకు రక్తబంధువులు ఊరంతటను కలరు. రచయిత వీరికి ఉన్నతస్థానమునే యిచ్చెను. కాని ఆ స్థానములు కదలవు. గిరిక వేణుగోపాలస్వామికి తన్ను తా నర్పించుకొనుటయందు పరమార్థమును పొందును. అర్పణము కాక మఱియొక మార్గము ఆమెకు కలదా యని గ్రంథము అడుగదు.

ఆ ప్రశ్నను కాలమే అడిగినది. దేవదాసీసమర్పణమును నిషేధించు మద్రాసు చట్టము 1947లో వచ్చెను. జమీందారీలను రద్దుచేసి రైతువారీగా మార్చు చట్టము 1948లో వచ్చెను. 1908 నాటి ఎస్టేటుభూముల చట్టము రైతునకు కొన్ని హక్కులనిచ్చినది. 1938లో ప్రకాశము పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము జమీందారీరైతుల స్థితిని విచారించి నివేదిక సమర్పించినది. మునగాల, చల్లపల్లి జమీనులయందు రైతులు ఉద్యమించిరి. వేయిపడగలు ఈ యలజడి నడుమ, వ్యవస్థ యింకను సజీవముగా నున్నపుడే దాని మరణమును గూర్చి వ్రాసిన గ్రంథము. చట్టమునకు పదునాలుగేండ్లు ముందే విశ్వనాథ ఆ మరణమును చూచెను. ఆయన చెప్పిన కారణములు మాకు సమ్మతములు కాకపోవచ్చును. చూచినది మాత్రము తప్పు కాదు.

ఇంకొక విశేషము కలదు. ఈ మరణము బయటినుండి మాత్రమే రాలేదని గ్రంథమే చెప్పుచున్నది. ఆంగ్లవిద్యాప్రభావమున పెరిగిన రంగారావు పాలనమున కోటకును గుడికిని నడుమనున్న త్రాడు తెగినది. రచయిత దీనిని పాశ్చాత్యనాగరికతయొక్క దోషముగా చూపును. కాని మనము మఱియొక మాట చెప్పుకొనవచ్చును: ఒక్క మనుష్యుని చదువు మాఱినంతమాత్రమున కూలిపోవు ధర్మము, ఆ యొక్క మనుష్యుని చేతిలో నంత అధికారమును ఎందులకు పెట్టినది? ఊరి బ్రతుకంతయు జమీందారు మంచితనముపై నాధారపడియుండుట పడగనీడ గాక మఱేమి? రచయిత తీసిన నిర్ణయమును రచయిత చెప్పిన కథయే ప్రశ్నించుచున్నది.

రెండు పేదరికములు

ఇచ్చట మాలపల్లిని ప్రక్కన పెట్టి చూచుట అవసరము. అందును ధర్మమును విడువని తండ్రి కలడు, రామదాసు. మాలకులమున పుట్టిన వైష్ణవభక్తుడు, వేదాంతి. వేయిపడగలలోని ధర్మారావువలెనే అతడును సర్వమును పోగొట్టుకొని ధర్మమును పట్టుకొని నిలిచినవాడు. ఇద్దఱును ఒకే మాట మాటలాడుచున్నట్లు తోచును. కాని ఇద్దఱి పేదరికములును ఒక్కటి కాదు. ధర్మారావు ఇంటి సంపద తండ్రి ఔదార్యమువలన కరగిపోయినది. అది తన చేతితో తాను విడిచినది. రామదాసు ఇల్లు పెత్తందారుల చేతను, న్యాయస్థానముల చేతను, చెఱసాలల చేతను చితికినది. అది ఇతరులు లాగికొన్నది. కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతిదెబ్బకు మరణించెను. వెంకటదాసు చట్టమునకు వెలియైనాడు. త్యాగముచేత వచ్చిన పేదరికమునందు ఒక తేజస్సు కలదు. అపహరణముచేత వచ్చిన పేదరికమునందు తేజస్సును చూచుటకు అంతకు మించిన ధైర్యము కావలెను. ఆ ధైర్యము ఉన్నవ చూపెను. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించుటయే దానికి సాక్ష్యము.

వంగదేశమున తారాశంకర వంద్యోపాధ్యాయుని గణదేవత (1942) ఈ విషయమునకు మఱియొక ద్వారమును తెఱచినది. అచ్చట ఊరి విచ్ఛేదము కోటలో ఆరంభము కాదు. కమ్మరియు వడ్రంగియు పంటమీద వచ్చు మేరకు ఇకమీద పని చేయమని చెప్పుటతో ఆరంభమగును. విశ్వనాథ పడగ రాలినదని చెప్పినచోట, తారాశంకరుడు పడగక్రింద కూర్చున్నవాడు లేచి వెలుపలికి వచ్చెనని చెప్పెను. ఒక్క సంఘటనకే రెండు ముఖములు. రెండవ ముఖమును చూచినవాడు మొదటిదానిని అబద్ధమనడు. అది సగమని మాత్రము తెలిసికొనును.

అయినచో మాలపల్లిని గాని, గణదేవతను గాని ఏల కోరుకొనకూడదు? న్యాయమైన ప్రశ్న. మాలపల్లి చదువునపుడు మేము రచయిత పక్షమున నుందుము. మా మనస్సు వేడెక్కును, కాని చీలదు. వేయిపడగలు చదువునపుడు మనస్సు రెండుగా చీలును. గిరిక నృత్యము చేయునపుడు కన్నీరు వచ్చును. ఆ కన్నీటిని గూర్చి సిగ్గును కలుగును. అరుంధతి మరణమును చదివి పుస్తకము మూసివేయుదుము. మఱునాడు ధర్మారావుతో వాదించుటకు మరల తెఱచెదము. తనతో ఏకీభవించువారికి మాత్రమే ప్రియమైన గ్రంథము ఒక పక్షముయొక్క గ్రంథము. తనతో విభేదించువానిని కూడ మరల మరల రప్పించుకొనునది భాషయొక్క గ్రంథము. వేయిపడగలు రెండవ కోవకు చెందినదని మా నిశ్చయము.

సిద్ధాంతము

మా యెన్నికకు హేతువులను క్రోడీకరింతుము.

నశించుచున్నదానిని నశించుచున్న క్షణముననే చూచి, దాని పూర్ణపరిమాణమున, వృత్తులు, ఉత్సవములు, పాటలు, మందులు, మాటలతో సహా నిలిపిన తెలుగు నవల మఱియొకటి లేదు. ఆ వ్యవస్థ పోవుట మేలని నమ్మువానికిని, ఏమి పోయినదో తెలియవలెను. తెలియనివాడు దానిని వేఱొక పేరున మరల కట్టుకొనును.

ఈ నవలయొక్క ప్రధానప్రతీకము రచయిత యుద్దేశమునకు లోబడక తన బ్రతుకు తాను బ్రతుకుచున్నది. పడగ నీడయు, కాటును రెండును దానిలో కలవు. ఉత్తమప్రతీకమునకు లక్షణమిదియే, అది కవి చెప్పినదానిని చెప్పుచు, చెప్పనిదానిని కూడ ధ్వనించును. రచయిత నియతముగా చేయని ధ్వని ధ్వని యగునా యని శాస్త్రజ్ఞులు సందేహింపవచ్చును. భాష సాముదాయికసంపద గనుక, భాషచేత వచ్చిన ధ్వనిని కావ్యమునకే జమకట్టవలెనని మా యభిప్రాయము.

మూడవ హేతువు మా స్థలమునకు సంబంధించినది. ఈ సీమయందు జమీందారీ పోయి డెబ్బదియేండ్లు దాటినది. తోటలు చేతులు మాఱినవి, కోటగోడలు పాతబడినవి, 2008 నుండి ఈ పట్టణమున సాంకేతికవిద్యాలయము నడచుచున్నది. అచ్చటికి రాష్ట్రములోని పల్లెలనుండి పిల్లలు వచ్చి చదువుకొనుచున్నారు. వారిలో గణాచారి యింటి పిల్లలును, గిరిక యింటి పిల్లలును, కావడి మోసినవాని మనుమలును ఉన్నారు. సుబ్బన్నపేటలో తమతమ స్థానములు ముందే నిర్ణీతములైయున్న వారి సంతతి, ఇపుడు ఆ సుబ్బన్నపేటను చేతబట్టుకొని చదువుచున్నది. విశ్వనాథ ఊహింపని పాఠకుడు ఇతడు. కాని ఆ గ్రంథమునకు ఇతనికంటె అర్హుడైన పాఠకుడు లేడు.

మా విద్యార్థి ఆ యేడు సెలవులలో గ్రంథమును మొదటినుండి తుదివఱకును మరల చదివెను. వచ్చి, గణాచారిని గూర్చి తాను వ్యాసము వ్రాయుదునని చెప్పెను. ఆమె స్వామి మాటలనే గాని తన మాట ఎన్నడైన మాటలాడెనా యనునది అతని విచారణ. మే మప్పుడు అతని తాతను గూర్చిన ప్రశ్నకు సమాధానము చెప్ప యత్నించితిమి: ఆ ఊళ్లో మీ తాత ఉన్నాడు, గ్రంథము అతని పేరు చెప్పలేదు, ఆ చెప్పకపోవుట ఎచ్చటెచ్చట జరిగినదో పుటలవారీగా చూపగలవాడవు నీవే. అతడు ఒప్పుకొనెనో లేదో మాకు తెలియదు. వ్యాసము మాత్రము వ్రాసెను. అది మే మానాడు చెప్పిన పాఠముకంటె మేలైనది.

పరిశోధకులు చేయవలసిన పని యింకను మిగిలియున్నది. వేయిపడగలను, మాలపల్లిని వేఱువేఱు పత్రములలో పెట్టి బోధించుట మన యలవాటు. రెండును ఒక్క తరమువారు, ఒక్క భాషలో, ఒక్క సమాజమును గూర్చి వ్రాసినవి. వానిని ఒక్క పత్రముగా పెట్టవలెను. నూజివీడు, మునగాల, చల్లపల్లి మొదలైన జమీనులలో పనిచేసిన కుటుంబముల జ్ఞాపకములను వృద్ధులనుండి వ్రాసికొని, ఆ కథనములను నవలల ప్రక్కన పెట్టి పోల్చవలెను. తోటలకు నీరు పోసినవారి నోటిమాటలు ఇపుడు గ్రంథస్థము కానిచో మఱుతరమునకు దొరకవు. ఈ కార్యమునకు ఆచార్యులును, పరిశోధకవిద్యార్థులును పూనుకొందురని ఆశించుచున్నాము.